లిపిలేని శాసనము
(బంజారా స్త్రీల కుట్టుపనియందలి గవ్వలు, పూసలు, నాణెములు, జరీ)

ఒక జాతియొక్క పూర్వచరిత్రమును దెలిసికొనుటకుఁ బండితులు శిలాశాసనములను, తామ్రశాసనములను, ప్రాచీన గ్రంథములను పరిశోధింతురు. మన బంజారాలకు ఇట్టి సాధనములు మిక్కిలి కొఱవడి యున్నవి. మన గోర్‌బోలీకి స్వంత లిపి లేదు. మన నాయకులు ఱాతిమీఁద శాసనములు చెక్కింపలేదు. మన తండాలు ఒకచోట నిలిచినవి కావు గనుక ఏ దేవాలయపు గోడమీఁదను మన పేరులు నిలువలేదు. ఇందువలన మనకుఁ జరిత్రమే లేదని పరులు తలంచిరి. మనవారిలోఁ జదువుకొన్న యువకులు సైతము అట్లే నమ్ముచున్నారు.

ఈ యభిప్రాయము సరికాదని మా మనవి. మన చరిత్రము వ్రాయఁబడియే యున్నది. అది ఉలితోఁ గాక సూదితో, ఱాతిమీఁదఁ గాక గుడ్డమీఁద, మన తల్లుల చేతను, అవ్వల చేతను వ్రాయఁబడినది. జనగామ, మానుకోట యను మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల తండాలలోఁ బాతపెట్టెల యడుగున అది యింకను గలదు. దానిని చదువు విధమును గూర్చియు, అది మన కన్నులయెదుటనే చెడిపోవుచున్న విధమును గూర్చియు ఈ సంచికను జదువు సోదరీసోదరులకును, పోషకులగు మహాశయులకును నాలుగు మాటలు విన్నవింపఁ దలఁచితిమి.

సూదిపనియొక్క ప్రాచీనత

సూదిపని మన దేశమునకుఁ గ్రొత్తది కాదు. ఋగ్వేదము రెండవ మండలమున రాకాదేవిని తెగని సూదితోఁ బనిని గుట్టుమని ఋషి వేఁడుకొనినాఁడు. వరుణుఁడు హిరణ్మయమగు పైవస్త్రమును ధరించినట్లు అదే వేదము చెప్పుచున్నది. చిత్రముగా నలంకరింపఁబడిన వస్త్రమునకుఁ ‘బేశస్సు’ అని పేరు. శుక్లయజుర్వేద సంహిత ముప్పదియవ యధ్యాయమున నానావృత్తులవారిని బేర్కొనుచోట ‘పేశస్కారి’ యనఁగా అట్టి యలంకారపుఁ బని చేయు స్త్రీ చెప్పఁబడినది. ఈ శబ్దము స్త్రీలింగమున నుండుట గమనింపఁదగినది. అమరసింహుని కాలము వచ్చునప్పటికి ‘తున్నవాయుఁడు’, ‘సౌచికుఁడు’ అని పురుషుల పేరులు వచ్చినవి గాని, వేదకాలమున వస్త్రమును జిత్రించిన చేయి స్త్రీ చేయి యని యీ యొక్క పదము సాక్ష్యమిచ్చుచున్నది.

పిమ్మట ఈ విద్య రెండు పాయలుగాఁ జీలినదని చెప్పవచ్చును. ఒకటి రాజాస్థానముల నాశ్రయించిన జర్దోసీ పని. వెండిని సన్నని తీఁగగా లాగి, రేకువలె నదిమి, పట్టునూలుమీఁదఁ జుట్టి, బంగారు పూఁత పూసి కలాబత్తు చేయుదురు. చట్రముమీఁద గుడ్డను బిగించి పురుషులు కార్ఖానాలలోఁ గూర్చుండి ఆ జరీతోను, సల్మాతోను, సితారాలతోను కుట్టెడివారు. ఢిల్లీ, లక్నో, హైదరాబాదు నగరములు ఈ పనికిఁ బేరుపడినవి. అందలి లోహమును గొనియిచ్చినవాఁడు ప్రభువు, కుట్టినవాఁడు కూలివాఁడు, తొడిగినవారు మఱియొకరు. రెండవ పాయ మనది. ఇందు లోహమును సంపాదించినవారు, కుట్టినవారు, తొడిగినవారు నొక్క కుటుంబమువారే. కావుననే ఆ గుడ్డ ఆ కుటుంబముయొక్క వృత్తాంతమును జెప్పఁగలుగుచున్నది.

ఎడ్ల బిడారులు

ఆ వృత్తాంతమును జదువుటకు ముందు మన వర్తకమును గొంత స్మరింపవలయును. ‘లంబాడీ’ శబ్దము ‘లవణ’ శబ్దమునుండి పుట్టినదని పలువురు పండితులు చెప్పుదురు. ‘బంజారా’ యనుదానిని ‘వాణిజ్య’ శబ్దముతోఁ గలుపువారు గలరు. వ్యుత్పత్తు లెట్లున్నను ఉప్పును, ధాన్యమును ఎద్దుల వీఁపులమీఁద దేశదేశములకుఁ జేరవేయుట మన వృత్తి యనుటలో సందేహము లేదు. ఆంగ్ల బాటసారి పీటర్ మండీ 1632లో నొక తండాను జూచి అందు 14,000 ఎద్దులున్నవని వ్రాసినాఁడు. ఫ్రెంచి వర్తకుఁడు టావెర్నియే గూడ వేలకొలఁది ఎద్దుల బిడారులు దారి నడ్డగించుటను వర్ణించినాఁడు. మొగలు సైన్యములకు దక్కనులో ధాన్య మందించినది మనవారే. 1791–92లో టిప్పూసుల్తానుపై దండెత్తిన కారన్‌వాలిసు సైన్యమునకును ‘బ్రింజారీల’ ధాన్యమే యాధారమయ్యెను.

షాజహాను కాలమున దక్కను దండయాత్రలో భంగీ, జంగీ యను మన నాయకులకు వజీరు బంగారు అక్షరములు గల తామ్రపత్ర మిచ్చెనని యైతిహ్యము గలదు. మన సభలలో దానిని గర్వముతోఁ జెప్పుకొందుము. చెప్పుకొనుట తగును. కాని ఆ తామ్రపత్రము మన యిండ్లలో లేదు. సూదితోఁ గుట్టిన వస్త్రపత్రము మాత్రము ప్రతి తండాలోను గలదు. లేనిదానిని గూర్చి పాడుకొనుచు, ఉన్నదానిని మూటఁగట్టి యమ్ముకొనుచున్నాము. ఇది మాకు విచారముగా నున్నది.

ఈ వర్తకము పొగబండి వచ్చుటతోఁ దగ్గిపోయెను. 1874లో వాడినుండి సికిందరాబాదునకు నిజాము రైలుదారి వచ్చెను. 1886లో అది ఓరుగల్లు చేరెను. 1889లో బెజవాడను గలిసెను. ఆ దారి సరిగా జనగామమీఁదుగాను, మానుకోటమీఁదుగాను సాఁగినది. వేయి ఎద్దులు మోయు ధాన్యమును ఒక్క బండి యొక్క రాత్రిలో మోయఁజొచ్చినది. బిడారులు ఆఁగినచోటనే మనవారు పశువులను మేపుకొనుచు, అడవిని గొట్టి చేనులు చేసికొనుచు నిలిచిపోయిరి. నిజాముల పాలనలో లంబాడీలు వర్తకులుగా నుండి పశుపాలకులుగాను, కర్షకులుగాను, కూలీలుగాను మాఱిన క్రమమును ఆచార్య భంగ్యా భూక్యా గారు 2010లో ప్రకటించిన ఆంగ్లగ్రంథమున సవిస్తరముగాఁ జూపిరి. వారు సర్కారు కాగితములనుండి చూపిన మార్పునే మన అవ్వల కాంచళులు సూదిమొనతోఁ జూపుచున్నవి.

వస్త్రమును జదువు విధము

మన స్త్రీల పూర్వవేషమున ముఖ్యముగా మూఁడు వస్త్రములు గలవు. వీఁపున నాడలతో బిగించు ఱవికయగు కాంచళి, కుచ్చిళ్ళ పావడయగు ఫేటియా, తలపైనుండి వేసికొను టుక్రి. టుక్రికి నుదుటిమీఁది భాగమున గట్టి కుట్టుపని గల గుంగటో యుండును. ఇవి గాక సంచులు, నీళ్ళకుండ క్రింది చుట్టకుదురులు, వానికి వెనుకవైపున వ్రేలాడు చదరపు గుడ్డలు పెండ్లికూఁతునకు సారెగాఁ గుట్టఁబడెడివి. వీనిమీఁది యలంకారములను ఒక్కొక్కదానిని జూతము.

మొదటిది గవ్వ. సంస్కృతమున దీనిని వరాటిక యనియుఁ, గపర్దిక యనియు నందురు. భాస్కరాచార్యుఁడు 12వ శతాబ్దమునఁ జేసిన లీలావతియందు 20 వరాటకములు ఒక కాకిణి యనియు, 4 కాకిణులు ఒక పణమనియు లెక్క చెప్పఁబడినది. అనఁగా గవ్వ యాభరణము మాత్రమే కాదు, ధనము. మాలదీవులనుండి యోడలలో వచ్చిన గవ్వలు వంగదేశమున 19వ శతాబ్దారంభము వఱకు నాణెములుగాఁ జెల్లినవి. సముద్ర మెఱుఁగని భూపాలపల్లి యడవితండాలో నొక అవ్వ సంచి యంచున గవ్వలవరుస యున్నచో, అది వర్తకపు దారినఁ దప్ప వచ్చి యుండదు. గవ్వ వీఁపును అరగఁదీసి, రంధ్రము చేసి, అందుగుండ దారమును జొనిపి, నోటివైపు పైకి వచ్చునట్లు కుట్టుదురు. బరువు మోయు నంచులకు గవ్వలు గట్టిదనమునుగూడ నిచ్చును.

రెండవది అద్దము. దీనికి రంధ్రము లేదు, చేయరాదు. అందుచేత అద్దపు బిళ్ళపై నడ్డముగాను, నిలువుగాను నాలుగు దారములు బిగించి, ఆ దారముల నాధారముగాఁ గొని చుట్టును గుండ్రని కట్టు కుట్టుదురు. అద్దము దారపుఁ జట్రములో నిలుచును. ఆ కట్టు వదులైన అద్దము జాఱును. మిక్కిలి బిగించిన గుడ్డ ముడుతపడును. ఈ హస్తలాఘవము మాటలతో నేర్పఁదగినది కాదు, ప్రక్కనఁ గూర్చుండి నేర్వఁదగినది.

మూఁడవది పూస. తెలంగాణమున పూసలవారు సూదులు, పూసలు, దారములు గంపలో నుంచుకొని యూరూరఁ దిరిగి యమ్మెడివారు. బిడారు వర్తకము పోయిన తరువాత మన స్త్రీలు పూసలకొఱకు వీరిమీఁదను, అంగడులమీఁదను ఆధారపడవలసి వచ్చెను. పాతవానియందు గాజుపూసలును, ఇటీవలివానియందు ప్లాస్టిక్ పూసలును గనఁబడును. గాజుపూస చేతికిఁ జల్లఁగాను, బరువుగాను నుండును. ప్లాస్టిక్ పూస తేలికగా నుండును. ఈ భేదమును జిన్నపిల్లలైనను బట్టఁగలరు.

నాలుగవది నాణెము. చరిత్రకారునకు ఇదియే పరమసాక్ష్యము, ఏలయన నాణెముమీఁద సంవత్సర ముండును. నాణెమునకుఁ గొంకి యతికించి కాంచళికిఁ గుట్టుదురు. విక్టోరియా ‘రాణి’ యని 1862 మొదలు వ్రాయఁబడెను. 1877 మొదలు ‘చక్రవర్తిని’ యని మాఱెను. చార్మినారు బొమ్మ గల నిజాము నాణెములు 20వ శతాబ్దారంభమున, మహబూబ్ అలీఖాను పాలనయొక్క కడపటి యేండ్లలో మొదలైనవి. నడుమఁ బెద్ద చిల్లిగల ఆంగ్లప్రభుత్వపుఁ గానీలు 1943 మొదలు 1947 వఱకే ముద్రింపఁబడినవి. వీనికి కొంకితోఁ బనిలేదు. ‘నయా పైసా’ యను మాట 1957లో వచ్చి 1964లోఁ బోయినది. ఒక కాంచళిమీఁది నాణెములలో మిక్కిలి క్రొత్తది ఏదియో చూచినచో, అది చేరిన కుట్టుపని ఆ సంవత్సరమునకు ముందుది కాదని నిశ్చయింపవచ్చును. పాత నాణెమును దల్లి కాంచళినుండి తీసి కూఁతురు తన కాంచళికిఁ గుట్టుకొనుట గలదు గనుక, పాత నాణెమునుబట్టి గుడ్డ ప్రాచీనమని చెప్పరాదు. శాసనములను బరీక్షించువారును ఇట్టి జాగ్రత్తనే పాటింతురు.

ఐదవది జరీ. అంచులకుఁ గుట్టు జరీపట్టీలును, తళుకు దారములును అంగడినుండి వచ్చినవే. వెండి తీఁగతోఁ జేసిన జరీ కాలక్రమమున నల్లఁబడును. రాగి తీఁగకుఁ బూఁత పూసినది పచ్చఁబాఱును. నేఁటి ప్లాస్టిక్ తళుకు దారము రంగు మాఱదు గాని పొరలు పొరలుగా నూడును. వెండికి మాఱు జర్మను సిల్వరు, దానికి మాఱు సత్తుబిళ్ళలు, వానికి మాఱు ప్లాస్టిక్ బిళ్ళలు వచ్చుటయుఁ జూడవచ్చును. ఒక్క యింటిలోని అవ్వ, తల్లి, కూఁతురు — మువ్వురి కాంచళులను ప్రక్కప్రక్కనఁ బఱచినచో ఆ కుటుంబము కలిమినుండి లేమికి, బిడారునుండి చేనికి, చేనినుండి కూలికి నడచిన దారి కండ్లకుఁ గట్టినట్లు తెలియును. ఏ రెవెన్యూ దస్తావేజును ఇంత స్పష్టముగాఁ జెప్పదు.

ఇంక కుట్ల విషయము. కర్ణాటకమున బళ్ళారి ప్రాంతపు సండూరు లంబాణీల కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించెను. వారు కిలన్, వేలే, బక్క్యా, మకి, కాన్స్, తేరా దోరా, రేలో మొదలుగాఁ బదునాలుగు కుట్లను బేరులతో సహా లెక్కించి నమోదు చేసిరి. తేరా దోరా యనఁగాఁ బదుమూఁడు దారములు. పేరులోనే లెక్క గలదు. గుడ్డలోని నూలుపోఁగులను గంటితో లెక్కించుచుఁ గొలబద్ద లేక సమచతురస్రములు, త్రికోణములు కుట్టిన మన అవ్వలు రేఖాగణితమును నేర్వలేదని యెవ్వరనఁగలరు? 2023 జూలైలో హంపీలో జరిగిన జి-20 సమావేశ సందర్భమున 450 మందికిఁ బైఁబడిన లంబాణీ స్త్రీలు కుట్టిన 1,755 ఖండములను బ్రదర్శించి గిన్నిసు గ్రంథమునకెక్కిరి. మన జనగామ ప్రక్కనే యున్న పెంబర్తిలోని యిత్తడి రేకుపనికిఁ గూడ 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చినది. మహబూబాబాదు జిల్లా జనులలో మూఁడవవంతునకు మించి షెడ్యూల్డు తెగలవారే. అందు మనవారు పెక్కుమంది. అట్టిచోట మన కుట్ల పేరులను మనము లెక్కించి వ్రాసికొనవలదా?

క్షీణతకుఁ గారణములు

ఈ విద్య క్షీణించుటకుఁ గారణము మన స్త్రీల యలసత్వమని కొందఱందురు. అది యన్యాయము. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల చట్టమును జేసెను. కాలక్రమమునఁ బలుప్రాంతములలో మనవారును ఆ పట్టికలలోఁ జేర్పఁబడిరి. నిజాము రాష్ట్రమునను ఈ నింద తప్పలేదు. ఆ చట్టము 1952లో రద్దయ్యెను గాని నింద వెంటనే పోలేదు. సంతలో, బస్సులో, కచేరీలో అద్దాల ఱవికను జూచినంతనే దూరముగా జరుగువారు, అనుమానించువారు, నవ్వువారు నుండిరి. మేము ఉపాధ్యాయవృత్తిలో నున్న కాలమున బాలికలు తల్లులను బడి వాకిటికి రావలదని వేఁడుకొనుట పలుమాఱు చూచితిమి. తల్లి వేషమునకు బిడ్డ సిగ్గుపడునట్లు చేసిన లోకము, ఆ వేషము పోయిన తరువాత దానిని గళాఖండమని మెచ్చుకొనుచున్నది!

ఈ మెప్పుతోఁ గ్రొత్త యాపద వచ్చినది. వర్తకులు తండాలకు వచ్చి పాత కాంచళులను, సంచులను స్వల్పమూల్యమునకుఁ గొని, ముక్కలుగాఁ గత్తిరించి, మెత్తల గలీబులకును, చేతిసంచులకును అతికించి నగరములలో హెచ్చు వెలలకు విక్రయించుచున్నారు. కత్తిరించినప్పుడు నాణెములు వేఱు, గవ్వలు వేఱు, గుడ్డ వేఱగును. శాసనమును బగులఁగొట్టి ఱాళ్ళను గోడకుఁ బెట్టుకొనినట్లే. ఇంకొకవైపునఁ దీజ్ పండుగకు మన బాలికలు ధరించు వేషములు యంత్రముతోఁ గుట్టఁబడి అంగడినుండి వచ్చుచున్నవి. షార్లట్ క్వాన్, టిమ్ మెక్‌లాక్లిన్ అను విదేశీయులు 2016లో బంజారాల వస్త్రములపై నొక పెద్ద సచిత్రగ్రంథమును వెలువరించిరి. వారికిఁ గృతజ్ఞులము. కాని మన యింటి పెట్టెలోని వస్తువును గూర్చి దూరదేశీయులు వ్రాసినంతయైనను మనము వ్రాయకుండుట మనకు గౌరవమా?

మా విజ్ఞప్తి

కాలము వెనుకకుఁ ద్రిప్పవలయునని మేము కోరుటలేదు. నాట్లు వేయు స్త్రీ, ఆసుపత్రిలో దాదిగాఁ బనిచేయు స్త్రీ, కళాశాలకుఁ బోవు బాలిక నిత్యమును ఈ బరువైన వేషమును ధరింపవలయునని శాసించుటకు మనకు నధికారము లేదు. ధరించుట వారి యిష్టము. తెలిసికొనుట, కాపాడుట మనయందఱి ధర్మము. అందులకు నాలుగు పనులు సూచించుచున్నాము.

మొదటిది: 2018 ఆగస్టులో మన తండాలనేకము గ్రామపంచాయతీలైనవి. ప్రతి తండాపంచాయతీయు నొక పుస్తకము పెట్టి, ఏ యింట ఏ పాతవస్త్రమున్నదో, ఎవరు కుట్టినదో, ఎవరి పెండ్లికిఁ గుట్టినదో, మీఁద నే నాణెములున్నవో వ్రాయించి, ఛాయాచిత్రము తీయింపవలయును. కుట్టిన యాడి పేరు తప్పక వ్రాయవలయును. ఇన్నాళ్ళును వస్త్రము మిగిలినది, పేరు మిగులలేదు.

రెండవది: ఇంటిలో మిక్కిలి పాతదగు వస్త్రమును విక్రయింపరాదు. విక్రయింపక తప్పని లేమి యున్నచో సంఘము దానిని న్యాయమైన వెలకుఁ గొని భద్రపఱచుటకు నిధి నేర్పఱుపవలయును. పోషకులగు మహాశయుల యౌదార్యమునకు ఇది తగిన పాత్రము. 2022 సెప్టెంబరులో హైదరాబాదున సేవాలాల్ బంజారాభవనము ప్రారంభింపఁబడినది. అట్టి భవనములలో నొక గదియైనను ఈ వస్త్రములకుఁ గేటాయింపఁబడవలయును.

మూఁడవది: నేఁడు జనగామలో, మానుకోటలో ‘మగ్గం పని’ పేరుతో ఱవికలకుఁ బూసలు, చమ్కీలు, కుందనములు, జర్దోసీ కుట్టి జీవించు స్త్రీలున్నారు. చట్రమునకు గుడ్డ బిగించి కొక్కెపుసూదితో వారు చేయు పని ఆస్థానపు జర్దోసీకి దౌహిత్రి వంటిది. మన బాలికలును ఆ పనిలోఁ జేరుచున్నారు. ఆ బాలికను, కుట్లెఱిఁగిన యవ్వను ఒక్కచోటఁ గూర్చుండఁబెట్టినచో, పనికిఁ గూలి గిట్టును, కుట్టు నిలుచును. కూలి గిట్టని విద్య యుపన్యాసములతో బ్రదుకదు.

నాలుగవది: ఉన్నవానిని జెడకుండఁ గాపాడుట. జరీయు, నాణెములును గల గుడ్డను చాకిరేవునకు వేయరాదు. సోడా తగిలిన రంగును, లోహమును రెండును జెడును. ఎండలో నారవేయక నీడను గాలికిఁ బఱచి, ఉదికిన తెల్లని నూలుగుడ్డలోఁ జుట్టి, ఎండిన వేపాకు ప్రక్కన నుంచవలయును. అద్దములమీఁద మడత పడరాదు. ప్లాస్టిక్ సంచిలోఁ గట్టిన చెమ్మ పట్టి లోహము చిలుమెక్కి గుడ్డను దినివేయును.

వచ్చు వార్షిక సభనాఁటికి ప్రతి తండానుండియు నొక్క పాతకాంచళి, దాని వృత్తాంతము, దానిని గుట్టిన యామె పేరు — ఈ మూఁడును వ్రాసి తేఁగలిగినచో, మన జాతిచరిత్రమునకు మొదటి సంపుటము సిద్ధమైనట్లే. దానిని వ్రాసిన యవ్వలు చాలమంది యిప్పుడు లేరు. చదివి చెప్పఁగల యవ్వలు ఇంకను గొందఱున్నారు. వారుండఁగనే యీ పని కావలయును.